బ్రిటన్ రాజకుటుంబానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? సావరిన్ గ్రాంట్, డచీలు, పన్నులు: అంకెలతో చర్చ

గోదారి గట్టు

బ్రిటన్ రాజుగారికి ప్రభుత్వం ఇచ్చే సొమ్ము (సావరిన్ గ్రాంట్) 2024-25లో 8.63 కోట్ల పౌండ్లు, 2025-26లో 13.21 కోట్లు. అదే కాలంలో, క్రౌన్ ఎస్టేట్ అనే భూములు, భవనాల సంస్థ లాభంలో ఆయనకు వెళ్లే శాతాన్ని 25 నుంచి 12కి తగ్గించారు. శాతం సగానికి పైగా తగ్గితే సొమ్ము ఒకటిన్నర రెట్లు ఎలా అయింది?

రెండో ప్రశ్న. క్రౌన్ ఎస్టేట్ రాజుగారి సొంత ఆస్తి అనీ, దాని లాభంలో 88 శాతం ఆయన దేశానికి వదిలేస్తున్నారనీ ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. ఇందులో నిజమెంత? అభిమానం, కోపం పక్కనపెట్టి లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దుల పంతులు

గట్టు గారూ, రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. ఆ శాతాన్ని అందరూ వాటా అనుకుంటున్నారు. అది వాటా కాదు, కొలబద్ద.

క్రౌన్ ఎస్టేట్ తన నికర లాభం మొత్తాన్ని, అంటే నూటికి నూరూ, బ్రిటన్ ఖజానాకు జమ చేస్తుంది. అందులోంచి 12 శాతం తీసి ఎవరూ రాజుగారికి పంపరు. ట్రెజరీ, అంటే వాళ్ల ఆర్థిక శాఖ, పార్లమెంటు మంజూరు చేసిన నిధుల్లోంచి సావరిన్ గ్రాంట్ చెల్లిస్తుంది. ఎంత చెల్లించాలో తేల్చడానికి మాత్రం క్రౌన్ ఎస్టేట్ లాభాన్ని కొలతగా వాడతారు. 2011లో సావరిన్ గ్రాంట్ చట్టం చేశారు, 2012 ఏప్రిల్ 1 నుంచి అమలు. అంతకు ముందు రాజగృహం ఖర్చులకు పార్లమెంటు ఇచ్చే సివిల్ లిస్ట్ అని ఒకటి, ప్రయాణాలకూ భవనాల మరమ్మతుకూ సమాచార విభాగానికీ వేర్వేరు గ్రాంట్లూ ఉండేవి. అన్నిటినీ కలిపి ఒకే పద్దు చేశారు.

లెక్క కట్టే పద్ధతి ఇదీ. రెండేళ్ల కిందటి క్రౌన్ ఎస్టేట్ నికర లాభం తీసుకోవాలి. దాన్ని ఆ సంవత్సరానికి వర్తించే శాతంతో గుణించాలి. వచ్చినదాన్ని పైకి, దగ్గరి లక్ష పౌండ్లకు సవరించాలి. ఆ మొత్తం కిందటేటి గ్రాంటు కంటే తక్కువైతే దాన్ని పక్కనపెట్టి కిందటేటి గ్రాంటే ఇవ్వాలి. చివరగా, రాజగృహం దగ్గర మిగిలిన నిల్వ నిధి ఏడాది ఖర్చులో సుమారు సగం దాటితే దాన్ని అదుపులో ఉంచేలా గ్రాంటు తగ్గించాలి.

ఉదాహరణకి 2013-14. రెండేళ్ల కిందట, అంటే 2011-12లో లాభం 24.02 కోట్లు. దానికి 15 శాతం కడితే 3.603 కోట్లు. పైకి సవరిస్తే 3.61 కోట్లు. ఆ ఏడాది ఇచ్చిన గ్రాంటు సరిగ్గా అదే.

అసలు కిటుకు అంతా నాలుగో మెట్టులో ఉంది. గ్రాంటు పెరగడానికి దారి ఉంది, తగ్గడానికి లేదు. చివరి మెట్టుతో తగ్గించవచ్చు, కానీ నిల్వ బాగా పేరుకుపోయినప్పుడే.

వేణి

పంతులు గారు చెప్పిన నాలుగో మెట్టు ఎలా పనిచేసిందో చూడాలంటే ఈ ఆరేళ్లు వరసగా చదవండి. అన్నీ కోట్ల పౌండ్లలో. లాభం అని రాసిందల్లా రెండేళ్ల కిందటిది.

2020-21: లాభం 34.35, దానికి 25 శాతం, గ్రాంటు 8.59.
2021-22: లాభం 34.50, గ్రాంటు 8.63.
2022-23: లాభం 26.93కి పడిపోయింది. కోవిడ్‌లో లండన్ దుకాణాల అద్దెలు రాలేదు. లెక్క ప్రకారం 6.74 రావాలి. ఇచ్చింది 8.63.
2023-24: లాభం 31.27. లెక్క ప్రకారం 7.82. ఇచ్చింది మళ్లీ 8.63.
2024-25: లాభం 44.26. శాతం ఈ ఏడాదే 12 అయింది. లెక్క ప్రకారం 5.32. ఇచ్చింది 8.63.
2025-26: లాభం 110 కోట్లు దాటింది. 12 శాతం కడితే 13.21. కిందటేటి కంటే ఎక్కువ కాబట్టి ఇదే ఖాయం.

శాతం 12కి తగ్గించిన మొదటి ఏడాది రాజగృహానికి ఒక్క పౌండు కూడా తగ్గలేదు. "శాతం తగ్గించాం" అన్న ప్రకటన నిజమే, "గ్రాంటు తగ్గించాం" అన్న అర్థం మాత్రం అందులో లేదు. పత్రికలు చాలావరకు మొదటిదాన్ని రాసి రెండోదాన్ని పాఠకుడి ఊహకు వదిలేశాయి. అది పొరపాటు అని నా గట్టి అభిప్రాయం.

నల్లమల

44 కోట్ల లాభం ఒక్కసారిగా 110 కోట్లు ఎలా అయింది? అద్దెలు రెండున్నర రెట్లు పెరగవు కదా.

థేమ్స్ తెలుగు

అద్దెలు కాదండీ, గాలి.

ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ తీరాల్లో 12 నాటికల్ మైళ్ల దాకా సముద్రగర్భం క్రౌన్ ఎస్టేట్ కింద ఉంది. సముద్రంలో గాలిమరలు పెట్టాలంటే అడుగునేల లీజుకు తీసుకోవాలి. నాలుగో విడత వేలంలో ఆరు ప్రాజెక్టులు, మొత్తం దాదాపు 8 గిగావాట్లు. ఒప్పందాల మీద సంతకాలు 2023 జనవరిలో జరిగాయి. కంపెనీలు అసలు లీజు తీసుకునేదాకా ఆ స్థలాన్ని తమ పేరున అట్టేపెట్టుకోవడానికి ఏటా ఒక రుసుము కట్టాలి. బయానా లాంటిది, కాకపోతే ఒకసారి ఇచ్చి ఊరుకునేది కాదు, ఏటేటా కట్టాల్సింది. 2023-24లో పూర్తి ఏడాది రుసుము పడింది, లాభం ఎగబాకింది.

దీనికి ముగింపు ఉంది. కంపెనీ ముందుకెళ్లి లీజు తీసుకుంటే రుసుము ఆగిపోయి మామూలు అద్దె మొదలవుతుంది. మానుకున్నా ఆగిపోతుంది. కాబట్టి ఈ 110 కోట్ల లాభం శాశ్వతం కాదు. అది తగ్గినా గ్రాంటు ఆపాటికి చేరిన ఎత్తులోనే నిలబడుతుంది, వేణి గారి పట్టికలో 2022-23 లాగా.

ఈ లాభం వస్తుందని ముందే తెలుసు. గాలిమరల సొమ్ము విస్తృత ప్రజాప్రయోజనానికి వాడమని రాజు చార్లెస్ 2023 జనవరిలోనే అడిగారు. అదే ఏడాది జులైలో రాయల్ ట్రస్టీలు 25ను 12 చేయాలని నిర్ణయించారు. ట్రస్టీలంటే ముగ్గురు: ప్రధాని, ఆర్థిక మంత్రి, రాజుగారి ప్రివీ పర్స్ (సొంత ఆదాయం) చూసే అధిపతి. 25 శాతమే ఉండి ఉంటే 2025-26 గ్రాంటు 27 కోట్లు దాటేది.

గోదారి గట్టు

మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. ఇక క్రౌన్ ఎస్టేట్ ఎవరిది?

సాంబశివ ఆడిట్

రాజ్యాధికారం ఎవరి దగ్గర ఉంటే వాళ్ల పదవికి చెందింది. మనిషికి చెందింది కాదు. చార్లెస్ గారు దాన్ని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు, వీలునామాలో రాయలేరు. నిర్వహణ 1961 చట్టం ప్రకారం కమిషనర్ల చేతిలో ఉంటుంది. లండన్‌లో రీజెంట్ స్ట్రీట్, సెయింట్ జేమ్సెస్ ప్రాంతం, విండ్సర్ గ్రేట్ పార్క్, పొలాలు, తీరభూములు, ఇందాక చెప్పిన సముద్రగర్భం అన్నీ దీని కిందవే. స్కాట్లండ్ భాగాన్ని 2017 ఏప్రిల్ 1న విడదీశారు, దాని లాభం ఎడిన్‌బరోకి, అంటే స్కాట్లండ్ ప్రభుత్వానికి వెళ్తుంది.

"1760లో మూడో జార్జ్ తన భూముల్ని దేశానికి దానం చేశాడు" అన్న మాట దగ్గరే వాట్సాప్ సందేశం పుట్టింది. అప్పటి బేరం పూర్తిగా చూడాలి. ఆనాడు రాజు ఆదాయంతోనే జడ్జీల జీతాలు, రాయబారుల ఖర్చులు, పౌర పాలన మొత్తం నడవాలి. ఆపాటికి రాజభూములు చాలావరకు చేతులు మారి ఆదాయం అడుగంటింది. జార్జ్ ఆ భూముల ఆదాయం వదులుకుని ఏటా 8 లక్షల పౌండ్ల సివిల్ లిస్ట్ తీసుకున్నాడు. అదీ చాలక 1769లో 5 లక్షలకు పైగా, 1777లో 6 లక్షలకు పైగా ఆయన అప్పుల్ని పార్లమెంటే తీర్చింది. తర్వాత ఒక్కొక్కటిగా పాలన ఖర్చులన్నీ సివిల్ లిస్ట్‌లోంచి తీసేసి ఖజానా మీద వేశారు. 1830 నాటికి రాజు మీద మిగిలింది రాజగృహం ఖర్చే.

బరువు దించుకున్న సంగతి చెప్పకుండా భూమి ఇచ్చిన సంగతి మాత్రమే చెబితే అది దానంలా కనిపిస్తుంది. ఇవాళ భూములు తిరిగి అడిగేవాళ్లు ఆ ఖర్చుల్నీ నెత్తిన పెట్టుకోవాలి. జడ్జీల జీతాలు, రాయబార కార్యాలయాలు అన్నీ.

కాకి లెక్క

ఆడిట్ గారూ, ఆస్తి పదవిదే అయినా ఆ పదవి ఒకే కుటుంబంలో ఉంది కదా. 88 శాతం దేశానికి పోతోందన్న మాటలో కొంత న్యాయం లేదా?

సాంబశివ ఆడిట్

పదవి ఉన్న కుటుంబానికి గౌరవం ఉంటుంది, హక్కుపత్రం ఉండదు. ఒక ఊరి దేవాలయ భూములకు ధర్మకర్త వంశపారంపర్యంగా ఒకే ఇంటి నుంచి వచ్చినా భూమి దేవుడి పేరనే ఉంటుంది. కౌలు డబ్బు గుడికి జమైతే "ధర్మకర్త వదిలేశాడు" అని ఎవరూ అనరు.

నల్లమల

2017లో 15 శాతాన్ని 25 చేసింది బకింగ్‌హామ్ ప్యాలెస్ వైరింగ్ కోసమని చదివాను. ఇళ్లలో వైరింగ్ మార్చడానికి 36.9 కోట్ల పౌండ్లా?

పద్దుల పంతులు

వైరింగ్ ఒక్కటే కాదు, కానీ అసలు భయం దాని గురించే. 1950లలో వేసిన కేబుళ్లు. లోపల రాగితీగ, దాని చుట్టూ గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు తొడుగు. ఆ రబ్బరు వయసు మీదపడ్డాక వంగదు. వేలితో నొక్కితే ఎండిన బెరడులా పెచ్చులూడుతుంది, లోపలి రాగి బయటపడుతుంది. ఆ తీగలు చెక్క అంతస్తుల కింద, గోడల లోపలి ఖాళీల్లో, దశాబ్దాల దుమ్ము మధ్య నడుస్తున్నాయి. నిప్పురవ్వ పడితే చాలు.

ఎంత పని ఉందో అంకెల్లో చూడండి. 775 గదులు. దాదాపు 160 కిలోమీటర్ల కరెంటు కేబుల్. 6,500 ప్లగ్గు పాయింట్లు. 5,000 దీపాలు. 2,500 రేడియేటర్లు. వాటికి 30 కిలోమీటర్లకు పైగా వేడినీటి గొట్టాలు. బాయిలర్లు, సీసపు పైపులు కూడా పాతవే. జనం ఉంటూనే, విందులు జరుగుతూనే, వేసవిలో టికెట్ సందర్శకులు తిరుగుతూనే పని నడవాలి. అందుకే ఒక్కో పార్శ్వం ఖాళీ చేయించి, నేల పలకలు లేపి, పని ముగించి తర్వాతిదానికి వెళ్తున్నారు. తూర్పు వైపుతో మొదలుపెట్టారు. పదేళ్ల ప్రణాళిక, 2017 ఏప్రిల్‌లో ఆరంభం.

డబ్బు కేటాయింపు ఇలా. 2017-18లో ఆధారం 30.4 కోట్ల లాభం. అందులో 15 శాతం మామూలు ఖర్చులకు, పై 10 శాతం ఈ పనికి. మొత్తం 7.61 కోట్లు. తర్వాత 8.63 కోట్లలో 5.18 మామూలు ఖర్చులకు, 3.45 ప్యాలెస్ పనికి. కోవిడ్ ఏళ్లలో ఎస్టేట్ లాభం పడిపోవడంతో పనికి అనుకున్నంత డబ్బు చేరలేదు. 2025-26 పెంపులో పెద్ద భాగం ఆ లోటు పూడ్చి పని ముగించడానికే. రాజుగారి జేబు ఖర్చు పెరిగిందని దీనికి అర్థం చెప్పడం తప్పు.

ఈ భవనం రాజుగారి సొంతం కాదు. పదవికి చెందింది, ప్రభుత్వ బాధ్యత. రాజరికం రేపు పోయినా ఆ కేబుళ్లు ఎవరో ఒకరు మార్చాల్సిందే.

వేణి

అంతా ఒప్పుకుంటాను. కానీ పని అయిపోయాక ఏమవుతుందో చెప్పండి. పదేళ్లు పూర్తయ్యాక గ్రాంటులో ప్యాలెస్ భాగం అవసరం లేదు. శాతం 12 నుంచి ఇంకెంత తగ్గించినా నాలుగో మెట్టు అడ్డుపడుతుంది, గ్రాంటు కిందటేటి స్థాయిలోనే నిలబడుతుంది. శాతాన్ని ట్రస్టీల సమీక్షతో మార్చవచ్చు. నాలుగో మెట్టు చట్టంలోనే ఉంది, దాన్ని కదపాలంటే పార్లమెంటులో చట్టమే మార్చాలి. అయిదేళ్లకోసారి జరిగే సమీక్షలో అందరూ శాతం గురించి వాదించుకుంటారు. చూడాల్సింది ఈ మెట్టు.

2011లో దీన్ని ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. భూముల ధరలు కూలిన ఏడాది సిబ్బంది జీతాలు ఆగకూడదని. కానీ అందుకు నిల్వ నిధి ఉండనే ఉంది. 2022-23లో నికర ఖర్చు 10.75 కోట్లు, గ్రాంటు 8.63. తేడా 2 కోట్లకు పైగా నిల్వలోంచి తీశారు, పని ఆగలేదు. ఒక గొయ్యికి రెండు మూతలు ఎందుకు?

థేమ్స్ తెలుగు

గ్రాంటులోకి రానివి ఏమిటో కూడా చెప్పుకోకపోతే ఈ చర్చ సగమే.

భద్రత రాదు. పోలీసుల ఖర్చు హోం శాఖది, ఎంతో బయటపెట్టరు. సైనిక లాంఛనాలు రక్షణ శాఖవి. రాజకుటుంబం ఒక ఊరు వెళ్తే వీధుల్లో ఏర్పాట్లు ఆ ఊరి కౌన్సిల్‌వి. రాణి ఎలిజబెత్ అంత్యక్రియలకు, సంబంధిత కార్యక్రమాలకు ప్రభుత్వం పెట్టింది 16.17 కోట్లు. 2023 మే పట్టాభిషేకానికి 7.2 కోట్లు, అందులో 2.17 కోట్లు హోం శాఖ పోలీసు ఖర్చు. ఈ రెండూ సావరిన్ గ్రాంటులో కనిపించవు.

గ్రాంటులోకి వచ్చేవి: సిబ్బంది జీతాలు, అధికారిక ప్రయాణాలు, విందులు, బకింగ్‌హామ్, సెయింట్ జేమ్సెస్, విండ్సర్ కోట, కెన్సింగ్టన్‌లో నివాసాలు ఆఫీసులు ఉన్న భాగం వంటి భవనాల మరమ్మతు. లండన్ టవర్, కెన్సింగ్టన్‌లో సందర్శకుల భాగం వేరే ధర్మసంస్థ చూస్తుంది. శాండ్రింగ్‌హామ్, బాల్మొరల్ రాజుగారి సొంత ఇళ్లు, వాటికి గ్రాంటు రాదు.

సరిహద్దు ఎక్కడుందో తెలియాలంటే ఫ్రాగ్‌మోర్ కాటేజ్ చాలు. విండ్సర్ ఎస్టేట్‌లో ప్రిన్స్ హ్యారీ ఉన్న ఆ ఇంటికి 24 లక్షల పౌండ్ల మరమ్మతు గ్రాంటు నుంచి చేశారు, ఎందుకంటే గోడలు, కప్పు, గొట్టాలు పదవికి చెందిన ఆస్తి. లోపలి సామాను, అలంకరణ ఉండేవాళ్ల ఖర్చు. ప్రిన్స్ హ్యారీ అధికారిక విధులు వదిలాక ఆ 24 లక్షలు 2020లో తిరిగి కట్టేశారు.

కాకి లెక్క

రాజకుటుంబం ఖర్చు తలకు ఒక పౌండు చిల్లర అని చెప్పే లెక్క మరి?

థేమ్స్ తెలుగు

8.63 కోట్లను 6.8 కోట్ల జనాభాతో భాగిస్తే ఒకటింపావు పౌండు. భాగహారం తప్పు కాదు. పైనున్న అంకెలోకి భద్రత రాలేదు, డచీల (రాజు, యువరాజులకు ఆదాయమిచ్చే భూముల) ఆదాయం రాలేదు. అటు చివర రాజరికాన్ని వ్యతిరేకించే రిపబ్లిక్ అనే సంస్థ 2024లో అన్నీ కలిపి 51 కోట్లని లెక్కగట్టింది. అందులో భద్రతకు వాళ్ల సొంత అంచనా ఉంది, డచీల లాభం ఖజానాకు రాకుండా పోయిన సొమ్ము కింద కలిపారు. డచీలు ప్రజల ఆస్తి అని ఒప్పుకుంటేనే ఆ కూడిక నిలుస్తుంది. ఎవరి అంకె చూసినా ముందు లోపల ఏం కలిపారో చూడాలి.

సాంబశివ ఆడిట్

డచీల దగ్గరికి వచ్చాం కాబట్టి. రెండున్నాయి, రెండూ క్రౌన్ ఎస్టేట్ కాదు.

డచీ ఆఫ్ లాంకస్టర్ రాజుగారిది. దాదాపు 18,000 హెక్టార్లు. 2023-24లో నికర మిగులు 2.74 కోట్లు. దీన్నే ప్రివీ పర్స్ ఆదాయం అంటారు. విధుల్లో ఉన్న ఇతర రాజకుటుంబ సభ్యుల అధికారిక ఖర్చులకు ఇందులోంచే ఇస్తారు. డచీ ఆఫ్ కార్న్‌వాల్ యువరాజుది. 1337లో మూడో ఎడ్వర్డ్ తన కొడుకు కోసం ఏర్పరిచాడు. సుమారు 52,000 హెక్టార్లు, డార్ట్‌మూర్‌లో పెద్ద భాగం, సిల్లీ దీవులు, లండన్ ఓవల్ క్రికెట్ మైదానం, పౌండ్‌బరీ పట్టణం. 2023-24లో 2.36 కోట్లు విలియం గారికి వెళ్లింది.

ఇద్దరికీ ఒకటే నియమం. పంట తినవచ్చు, చెట్టు నరకకూడదు. మిగులు వాళ్లది, మూలధనం ముట్టుకోలేరు. ఆస్తి అమ్మితే ఆ డబ్బు మళ్లీ డచీలోనే పెట్టాలి. పెద్ద లావాదేవీలకు ట్రెజరీ అనుమతి కావాలి.

జనం ఎక్కువగా నొచ్చుకునేది వారసులు లేనివాళ్ల సొమ్ము విషయంలో. ఇంగ్లండ్‌లో ఎవరైనా వీలునామా లేకుండా, దగ్గరి బంధువులు లేకుండా చనిపోతే ఆస్తి ఖజానాకు పోతుంది. చనిపోయినవాళ్లు పాత లాంకషైర్ ప్రాంతంవాళ్లైతే డచీ ఆఫ్ లాంకస్టర్‌కు, కార్న్‌వాల్ వాళ్లైతే రెండో డచీకి వెళ్తుంది. ఖర్చులు పోను మిగిలింది ధర్మకార్యాలకు ఇస్తామని డచీలు చెబుతాయి. 2023 నవంబరులో గార్డియన్ పత్రిక బయటపెట్టిందేమిటంటే, లాంకస్టర్ డచీ అలా వచ్చిన డబ్బులో కొంత తమ అద్దె ఇళ్ల మరమ్మతులకు వాడింది. పాత కట్టడాల సంరక్షణ కూడా ప్రజాప్రయోజనమే అన్న వ్యాఖ్యానంతో. ఆ ఇళ్ల అద్దె మిగులులోకి చేరుతుంది, మిగులు రాజుగారికి చేరుతుంది. ఇది నాకు మింగుడుపడని పద్దు.

నల్లమల

ఇది మన సర్ఫేఖాస్ లాగే ఉందే. నిజాం సొంత ఖర్చులకు వేరే భూములు, ప్రభుత్వానికి దివానీ భూములు. హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్‌బల్దా జిల్లా అంతా సర్ఫేఖాసే.

పద్దుల పంతులు

సరిగ్గా పట్టారు. దివానీ క్రౌన్ ఎస్టేట్ లాంటిది, సర్ఫేఖాస్ డచీ లాంటిది. 1949లో సర్ఫేఖాస్‌ను దివానీలో కలిపేశారు. నిజాంకు ఏటా 50 లక్షల హాలీ రూపాయల రాజభరణం ఖాయం చేశారు. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానం కాబట్టి పాత పట్టికల్లో అది 42,85,714గా కనిపిస్తుంది. రెండు అంకెలు చూసి ఒకటి తప్పనుకునేవాళ్లు ఉన్నారు, రెండూ ఒకటే. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలన్నీ రద్దయ్యాయి.

తేడా కూడా ఉంది. బ్రిటన్‌లో 1760 తర్వాత పెద్ద భూమి ఖజానాకు పోయింది, డచీలు మిగిలాయి. హైదరాబాదులో రెండూ పోయాయి.

కాకి లెక్క

పన్ను కడతారా కట్టరా? ఒకచోట కడతారని, ఇంకోచోట కట్టరని ఉంది.

వేణి

కడతారు, కానీ చట్టం బలవంతంతో కాదు. 1992 నవంబరు 20న విండ్సర్ కోట ప్రార్థనా మందిరంలో దీపం వేడికి తెర అంటుకుంది. 115 గదులు దెబ్బతిన్నాయి. భవనానికి బీమా లేదు. మరమ్మతు ప్రభుత్వమే భరిస్తుందని మంత్రి చెప్పగానే జనం మండిపడ్డారు. ఆ ఒత్తిడిలో రెండు పనులు జరిగాయి. 1993 వేసవి నుంచి బకింగ్‌హామ్ ప్యాలెస్‌ను టికెట్ పెట్టి తెరిచారు, 3.65 కోట్ల మరమ్మతు ఖర్చులో దాదాపు 70 శాతం అక్కడి నుంచే వచ్చింది. అదే 1993 ఏప్రిల్ నుంచి రాణి ఆదాయపన్ను, మూలధన లాభాల పన్ను స్వచ్ఛందంగా కట్టడానికి ఒప్పందం రాశారు.

ఆ ఒప్పందం లోపల ఏముందో చూడాలి. సావరిన్ గ్రాంట్ మీద పన్ను లేదు, అది ఖర్చుల పద్దు కాబట్టి. డచీ మిగులు మీద పన్ను ఉంది, అధికారిక ఖర్చులు తీసేశాక. డచీలు కార్పొరేషన్ పన్ను కట్టవు. రాజు నుంచి తర్వాతి రాజుకు పోయే ఆస్తి మీద 40 శాతం వారసత్వ పన్ను లేదు. రాణి పోయినప్పుడు శాండ్రింగ్‌హామ్, బాల్మొరల్ ఈ మినహాయింపు కిందే చార్లెస్ గారికి వచ్చాయి. ప్రభుత్వం చెప్పే కారణం, రాజకుటుంబానికి స్వతంత్ర ఆదాయం ఉండాలి, తరానికోసారి 40 శాతం పోతే రెండు తరాల్లో మిగలదు అని. అధికార నివాసాల వరకూ ఆ వాదన నడుస్తుంది. వేట ఎస్టేటుకు ఎందుకో నాకు అర్థం కాదు.

ఇంకొకటి. చార్లెస్ గారు యువరాజుగా ఉన్నప్పుడు ఎంత పన్ను కట్టారో ఏటా ప్రకటించేవారు. విలియం గారి 2023-24 నివేదికలో గరిష్ఠ రేటులో కడుతున్నారని ఉంది, మొత్తం లేదు. స్వచ్ఛంద పన్నుకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ అంకె. దాన్ని మానేయడం వెనకడుగు.

నల్లమల

వేరే రాజ్యాల్లో కూడా ఇంత చిక్కు ఉందా?

థేమ్స్ తెలుగు

స్పెయిన్‌లో లేదు. బడ్జెట్‌లో రాజగృహానికి ఒకే గీత, కొన్నేళ్లుగా 84.3 లక్షల యూరోలు. ఎలా పంచుకోవాలో రాజు ఇష్టం. సిబ్బందిలో చాలామంది జీతాలు, భద్రత, భవనాలు వేరే శాఖల్లో ఉంటాయి కాబట్టి ఆ చిన్న అంకె చూసి స్పెయిన్ రాజు పొదుపరి అనుకోవద్దు. జపాన్‌లో చక్రవర్తి కుటుంబ సొంత ఖర్చుకు 1996 నుంచి చాలా ఏళ్లు 32.4 కోట్ల యెన్లే ఇచ్చారు. అక్కడ అంకె చట్టంలోనే ఉంది, సూత్రం లేదు. బ్రిటన్‌లో సూత్రం ఉంది కాబట్టే గాలి వీస్తే గ్రాంటు పెరిగే వింత వచ్చింది.

గోదారి గట్టు

నేను స్వయంగా నివేదిక తిరగేద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

సాంబశివ ఆడిట్

సావరిన్ గ్రాంట్ నివేదిక ఏటా వేసవిలో వస్తుంది. నేషనల్ ఆడిట్ ఆఫీస్ తనిఖీ చేస్తుంది, పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం పిలిచి అడగవచ్చు. రాజగృహం మాత్రం సమాచార హక్కు చట్టం కిందికి రాదు, అడిగి తెప్పించుకునే దారి లేదు. నివేదికే ఆధారం.

ముందు గ్రాంటు అంకె చూడకండి, నికర ఖర్చు చూడండి. పక్కనే సొంత రాబడి అనే గీత ఉంటుంది, ప్యాలెస్ సందర్శకుల వల్ల, అద్దెల వల్ల వచ్చేది. 2023-24లో అది 1.98 కోట్లు. తర్వాత నిల్వ నిధి ఆరంభం, ముగింపు. ఈ మూడూ గ్రాంటుతో కలిపి ముడిపడకపోతే మీరు ఏదో గీత వదిలేశారన్నమాట. తర్వాత భవనాల పద్దులో ప్యాలెస్ పనిని విడదీయండి, లేకపోతే ఏడాదికీ ఏడాదికీ పోలిక కుదరదు. చివర్లో ప్రయాణాల పట్టిక ఉంటుంది, పెద్ద ఖర్చున్న ప్రయాణాలను మాత్రమే విడిగా రాస్తారు. రాజుగారి రైలును 2027 కల్లా ఆపేస్తామని 2025లో ప్రకటించారు, ఆ పట్టికలో అది కనిపించేది ఇంక కొద్దికాలమే.

డచీల నివేదికలు వేరే. మూడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటేనే బొమ్మ కనిపిస్తుంది.

గోదారి గట్టు

పట్టిక మొదలుపెట్టాను. 2025-26 గ్రాంటు ఎదురుగా 2024-25 క్రౌన్ ఎస్టేట్ లాభం వేశాను, 12 శాతం కడితే 13.21 రావడం లేదు, కొంచెం ఎక్కువ వస్తోంది.

వేణి

ఒక గడి కిందికి జరపండి. 2025-26కి ఆధారం 2023-24. మీరు వేసిన లాభం 2026-27 గడిలోకి వస్తుంది.

గోదారి గట్టు

జరిపాను, 13.21 వచ్చింది.